భూటాను చలనచిత్రములు: విజ్ఞాన సర్వస్వమున ప్రవేశార్హత

విజ్ఞాన సర్వస్వమును కూర్చు సంపాదకునకు చేర్పవలసిన విషయములను సేకరించుట యొక శ్రమ. విడువవలసిన వానిని నిర్ణయించుట అంతకు మించిన శ్రమ. చేర్చిన విషయమున తప్పు దొరలినచో విమర్శకుడు చూపి దిద్దగలడు. విడిచిన విషయమును చూపువాడు లేడు. పాఠకుడు వెదకి, కానక, అట్టి వస్తువు లోకమున లేదనుకొని పుస్తకము మూయును. పెద్ద దేశముల చలనచిత్రముల యెడ ఈ చిక్కు స్వల్పము. జపాను చిత్రమునకు గాని ఫ్రెంచి చిత్రమునకు గాని సమీక్షలు, చరిత్రలు, దర్శకుల జీవితచరిత్రలు, భాండాగారములలో భద్రపఱచిన ప్రతులు కలవు. వానిలో నుండి యేరుకొనుటయే సంపాదకుని పని. పత్రిక యొక్కటియే వెలువడుచున్న చిన్న దేశమున ఎవరో కొందఱు పూనుకొని యొక చిత్రమును తీసినప్పుడు దానికి ప్రత్యేక వ్యాసము నిచ్చుట న్యాయమా, కాదా యను ప్రశ్న పుట్టును.

దీనిని సిద్ధాంతరూపమున మాత్రమే చర్చించినచో ఎవరి వాదము వారికి సరిపోవును. లక్ష్యమును ఎదుట నిలిపినప్పుడే లక్షణము యొక్క బలాబలములు తేలును. కావున భూటాను చిత్రములను లక్ష్యముగా గ్రహించి విచారించుచున్నాను.

భూటాను జనసంఖ్య 2017 నాటి గణనములో ఏడున్నర లక్షలకు లోపుగనే యున్నది. రాజభాష జొంగ్ఖా. టెలివిజన్ ప్రసారములు 1999 జూన్‌లో గాని అచ్చట మొదలు కాలేదు. 'కుయెన్సెల్' అను పత్రిక ప్రభుత్వ ప్రకటనల పత్రముగా పుట్టి 1986లో వారపత్రిక యయ్యెను. ప్రైవేటు పత్రికలు 2006 వఱకు లేవు. ఈ రెండు సంవత్సరముల నడుమ, 1989లో, ఉగ్యెన్ వాంగ్దీ 'గాసా లామాయ్ సింగ్యే' అను కథాచిత్రమును తీసెను. భూటాను చలనచిత్ర చరిత్రను వ్రాయువారు దీనినే ఆ దేశపు మొదటి కథాచిత్రముగా పేర్కొందురు. సింగ్యే, గాలెమ్ అను ప్రేమికుల విషాదాంత గాథ యిది. చిరకాలముగా జనుల నోట పాటగా నిలిచిన కథ. మొదటి చిత్రమునకు జనులెఱిగిన గాథనే గ్రహించుట మనకు వింత కాదు. మన మొదటి మాటల చిత్రము ప్రహ్లాదుని కథయే గదా.

తరువాత పదియేండ్లకు, 1999లో, ఖ్యెంత్సే నొర్బు దర్శకత్వమున 'ది కప్' వెలువడెను. ఈయన చిత్రదర్శకుడు మాత్రమే కాదు, బౌద్ధ గురుస్థానమున నున్న లామా. బెర్టొలూచి తీసిన 'లిటిల్ బుద్ధ' (1993) చిత్రమునకు సలహాదారుగా పనిచేసినవాడు. 1998 నాటి ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలను టెలివిజన్‌లో చూడగోరి తహతహలాడు బాలభిక్షువుల కథ 'ది కప్'. 2003లో ఈయనయే 'ట్రావెలర్స్ అండ్ మెజీషియన్స్' తీసెను. 2016లో 'హేమా హేమా' తీసెను. ఈ గురువు నొద్ద పని నేర్చి, 'హేమా హేమా'కు నిర్మాతగా నున్న పావో చోయ్‌నింగ్ దోర్జీ 2019లో 'లునానా: ఎ యాక్ ఇన్ ది క్లాస్‌రూమ్' తీసెను. తరగతిగదిలో జడలబఱ్ఱె యని ఆ పేరునకు అర్థము. 2023 నాటి 'ది మాంక్ అండ్ ది గన్' గూడ ఈయనదే. భూటాను చిత్రములనగానే దేశాంతరములందు ముఖ్యముగా వినవచ్చు పేర్లివి. అన్నియు ఒకే గురుశిష్య పరంపరకు చెందినవి యనుట గమనింపదగినది.

నేడు లోకమున మిక్కిలిగా వాడబడుచున్న విజ్ఞాన సర్వస్వము 2001లో ఆరంభమైన వికీపీడియా. దాని ఆంగ్లశాఖవారు చలనచిత్రముల ప్రవేశార్హతను గూర్చి కొన్ని సూత్రములను ఏర్పఱచుకొనిరి. వాని సారాంశ మిది. చిత్రమును గూర్చి, దానితో సంబంధము లేని విశ్వసనీయులు విస్తరించి వ్రాసియుండవలెను. విరివిగా ప్రదర్శింపబడి, దేశఖ్యాతి గల విమర్శకులు ఇద్దఱైనను నిడుపాటి సమీక్షలు వ్రాసియుండుట, గొప్ప పురస్కారము లభించియుండుట, జాతీయ భాండాగారమున భద్రపఱుపబడుట, విశ్వవిద్యాలయమున పాఠ్యవిషయ మగుట మొదలగునవి యట్టి వ్రాతలు ఉండునని యూహించుటకు గుర్తులు. చిన్న దేశముల నిమిత్తము వేఱొక సూత్రము కలదు. చిత్రములను అంతగా తీయని దేశమున, ఆ దేశమునకు ప్రధానమనదగిన నిర్మాణసంస్థ తీసిన చిత్రము స్వదేశమున చక్కగా ప్రదర్శితమైనచో దానిని గూడ పరిగణింపవచ్చును. కాని తీయబడుట యను మాత్రము చాలదు, అంతకు మించిన విశేష ముండవలెను. ఆ విశేషమునకు ఏ భాషలోనైనను ఆధారము దొరకినచో చూపవలెను.

మొదటి చూపునకు ఈ సూత్రములు న్యాయముగనే తోచును. ప్రచారకుల తాకిడి నుండి గ్రంథమును రక్షించుటకు ఇట్టి కంచె అవసరమే. మన తార్కికులు లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అని మూడు దోషములను చెప్పిరి. ఆ గీటురాతిపై ఈ సూత్రములను గీసిచూచినచో భూటాను విషయమున మూడును పైకి వచ్చుచున్నవి. అసంభవముతోనే మొదలిడుదము. 1989 నాటి భూటానులో దేశఖ్యాతి గల చిత్రవిమర్శకు లిద్దఱు వ్రాసిన సమీక్షలను చూపుమనుట ఎట్టిది? పత్రిక యొక్కటి, అదియు ప్రభుత్వాధీనము. 'చిత్రవిమర్శకుడు' అను వృత్తి యుండుటకు ముందు చూచుటకు చిత్రములు, వ్రాయుటకు పత్రికలు ఉండవలెను గదా. మొదటి చిత్రము తీయబడిన నాటికి ఈ రెండును లేకుండుట సహజము. ఆ చిత్రమునకు సమీక్షలు లేవనుట దాని స్వల్పత్వమునకు గుర్తు కాదు. అది మొదటిదగుటకే గుర్తు.

పురస్కారములను బట్టి నిర్ణయించు సూత్రమునకు 'లునానా' చక్కని పరీక్ష. ఆ చిత్రము 2019 అక్టోబరులో లండను చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడెను. 2020లో భూటాను దానిని 93వ ఆస్కార్ పురస్కారములకు పంపగా అది పోటీకి అర్హము కాదని త్రోసివేయబడెను. కారణము చిత్రమునందలి లోపము కాదు. భూటానులో చిత్రమును ఎన్నిక చేయు సంఘమునకు అకాడమీ గుర్తింపు లేకపోవుట. తరువాతి యేట ఆ లోటు తీర్చుకొని చిత్రమును మరల పంపిరి. 2022 ఫిబ్రవరిలో, 94వ పురస్కారముల అంతర్జాతీయ చిత్రవిభాగమున పోటీకి నిలిచిన అయిదు చిత్రములలో నిది యొకటి యయ్యెను. భూటాను చిత్రమునకు అట్టి గౌరవము కలుగుట అదే ప్రథమము. మార్చిలో పురస్కారము 'డ్రైవ్ మై కార్' అను జపాను చిత్రమునకు పోయెను.

2020 సంవత్సరాంతమున ఒక సంపాదకుని బల్లపైకి ఈ చిత్రము పేరు వచ్చినదని యనుకొందము. పురస్కార సూత్రమును నమ్మినవాడు దానిని ప్రక్కకు పెట్టును. 2022 ఫిబ్రవరిలో అదే సంపాదకుడు దానికి రెండు పుటలు కేటాయించును. ఈ నడుమ చిత్రమున ఒక్క దృశ్యము మాఱలేదు, ఒక్క మాట మాఱలేదు. మాఱినది ఒక సంఘమునకు గల గుర్తింపు మాత్రమే. దేవదత్తుని యిల్లు ఏదియన, కాకి వ్రాలినది యని చూపుట శాస్త్రములలో ప్రసిద్ధమైన దృష్టాంతము. కాకి యెగిరిపోయినను ఇల్లు నిలిచియే యుండును. పురస్కారము ఆ కాకి వంటిది. తటస్థలక్షణమే గాని స్వరూపలక్షణము కాదు. ఇల్లు కనుగొనుటకు కాకి యుపకరించును. కాకి వ్రాలని యిల్లు ఇల్లే కాదనుట మాత్రము తగదు.

ఇక చిత్రము యొక్క స్వరూపమును చూతము. పురస్కారముల మాటను మఱచి చూచినచో 'లునానా'లో నేమి కలదు? కథ సుపరిచితమే. ఉగ్యెన్ అను యువకుడు థింపూలో నివసించుచు, గాయకుడై ఆస్ట్రేలియాకు పోవలెనని కలలు గనుచుండును. ఉపాధ్యాయుడుగా ప్రభుత్వమునకు చేయవలసిన సేవ యింకను మిగిలియుండుటచే అతనిని లునానా బడికి పంపుదురు. దారిలో అధికభాగము కాలినడకయే. ఎనిమిది దినముల ప్రయాణము. మొదట విసుగు, పిదప అలవాటు, అటుపిమ్మట మమకారము. నగరవాసి పల్లెలో మాఱు కథలను మనమెన్నియో చూచితిమి, చదివితిమి. ఆ యచ్చునుండి యీ చిత్రము పూర్తిగా తప్పించుకొన్నదని చెప్పలేను. పల్లెవారి మంచితనమును చిత్రించుటలో దర్శకుడు చేయి బిగపట్టలేదు. కొన్ని చోట్ల కొండల సౌందర్యము కథకు సాయపడుట మాని తానే కథయై కూర్చున్నది. దూరదేశపు ప్రేక్షకునకు మిక్కిలి నచ్చినది ఈ భాగమే కావచ్చును. విమర్శకుడు జాగరూకుడుగా నుండవలసినదియు ఇచ్చటనే.

ఐనను ఈ చిత్రమును నిలబెట్టు గుణములు వేఱు. ప్రయాణమున ఒక్కొక్క మజిలీ వచ్చినప్పుడు తెరపై ఆ చోటి పేరుతో పాటు ఎత్తును, జనసంఖ్యను చూపుదురు. ఎత్తు పెరుగుచుండ జనసంఖ్య తఱుగుచుండును. వ్యాఖ్యానము లేదు, నిట్టూర్పు లేదు. రెండు అంకెలు మాత్రమే. దేశము యొక్క స్వరూపమును ఇంత పొదుపుగా చెప్పుట సామాన్యము కాదు. పిల్లలకు వ్రాసికొనుటకు కాగితము లేనప్పుడు, చలిగాలి చొరకుండ తన గది కిటికీకి అంటించియున్న కాగితమును ఉపాధ్యాయుడు చింపి యిచ్చు ఘట్టము మఱియొకటి. అతని మార్పును ఎవ్వరును మాటలలో చెప్పరు. నిప్పు రాజేయుటకు పిడకలు కావలెను గావున నొర్బు అను ముసలి జడలబఱ్ఱెను తరగతిగదిలోనే కట్టివేయుదురు; పేరునకు మూలమైన యీ ఘట్టము నవ్వు పుట్టించుటకు గాక అవసరము కొఱకు వచ్చినది. అన్నిటికంటె ముఖ్యము ముగింపు. అతడు పల్లెలో నిలిచిపోడు. చలికాలము రాకముందే కొండ దిగి ఆస్ట్రేలియాకే పోవును. అచ్చట సిడ్నీలోని పానశాలలో తన పాటను ఎవ్వరును వినకుండ, నడుమ ఆపి, లునానాలో నేర్చిన జడలబఱ్ఱె పాటను ఎత్తుకొనును. అచ్చుకథ యైనచో అతడు పల్లెలోనే యుండవలెను. భూటాను యువకులు పెద్దసంఖ్యలో ఆస్ట్రేలియాకు వలసపోవుట 2022 తరువాత ఆ దేశమంతట చర్చనీయమైన విషయము. చిత్రము దానికి మూడేండ్లు ముందుగనే ఆ నొప్పిని గుర్తించినది. విద్యుత్తు లేని చోట సౌరశక్తితో యంత్రములు నడిపి, ఆ గ్రామవాసులనే పాత్రధారులుగా గొని దీనిని చిత్రీకరించిరనుట నిర్మాణచరిత్రలో చేరవలసిన యంశము. గుణములలో లెక్కింపవలసినది కాదు. కష్టపడి తీసిన చెడ్డచిత్రములు ప్రతి భాషలోను ఉన్నవి.

కావున 'లునానా'కు ప్రత్యేక వ్యాసము నిచ్చుట న్యాయమని నా నిర్ణయము. ఈ నిర్ణయమునకు 2020లో గాని 2022లో గాని ఆస్కార్‌తో పని లేదు. పోటీలో నిలుచుటచే కలిగిన మేలు వేఱు: నలుదెసల సమీక్షలు వెలువడి వ్యాసకర్తకు సామగ్రి సమకూడినది. అర్హత వేఱు, సాధ్యత వేఱు. సూత్రకారులు ఈ రెంటిని ఒకటిగా చూచుటయే సగము చిక్కులకు మూలము.

అతివ్యాప్తికి ఉదాహరణము 'మొదటి' యను విశేషణము. చిన్నదేశపు చిత్రములను సమర్థించువారు తఱచు శరణు జొచ్చునది దీనినే. మొదటి చిత్రము, మొదటి రంగుల చిత్రము, ఒక జిల్లాలో తీసిన మొదటి చిత్రము, ఒక మాండలికమున వచ్చిన మొదటి చిత్రము, ఇట్లు కొంచెము వెదకినచో ఏ చిత్రమునకైనను ఒక ప్రాథమ్యము దొరకును. అంతకంటె పెద్ద అపాయము మఱియొకటి కలదు. 2003 నాటి 'ట్రావెలర్స్ అండ్ మెజీషియన్స్' చిత్రమును గూర్చి ఆంగ్లమున వ్రాసినవారు పలువురు అది పూర్తిగా భూటానులోనే తీయబడిన మొదటి కథాచిత్రమని వ్రాసిరి. 1989 నాటి 'గాసా లామాయ్ సింగ్యే' అంతకు పదునాలుగేండ్లు ముందే యుండగా ఈ మాట ఎట్లు నిలుచును? దేశాంతరముల ఉత్సవములకు పోయిన చిత్రములలో మొదటిది యని గాని, విదేశ ప్రేక్షకులు చూచిన వానిలో మొదటిది యని గాని చెప్పినచో అర్థముండును. సమీక్షకుడు 'నేను చూచినవానిలో మొదటిది' అనవలసినచోట 'మొదటిది' అని వ్రాసినాడు. దానిని చూచి రెండవవాడు, రెండవవానిని చూచి మూడవవాడు వ్రాసిరి. మూడు ఆధారములైనవి. సూత్రము సంతుష్టి చెందినది. సత్యము మాత్రము వెలుపలనే నిలిచినది.

శబ్దప్రమాణమును గూర్చి మన శాస్త్రములు చెప్పిన ఆప్తుని మాట ఇచ్చట తలంపునకు వచ్చుచున్నది. ఆప్తుడనగా విషయము నెఱిగి, ఎఱిగినట్లు చెప్పువాడు. నేటి సూత్రకారులు రెండవ యంశమును, అనగా సంబంధము లేనివాడు, స్వార్థము లేనివాడు అనుదానిని మిక్కిలి గట్టిగా పట్టుకొనిరి. మొదటి యంశము, విషయము నెఱుగుట, వారికి అంతగా పట్టలేదు. విదేశ సమీక్షకునకు భూటాను చిత్రముతో ఏ సంబంధమును లేదు. జొంగ్ఖా భాషతో గూడ సంబంధము లేదు. స్థానిక పత్రికలో వ్రాసినవానికి భాష తెలియును, చరిత్ర తెలియును. కాని ఆ పత్రిక ప్రభుత్వముది గదా యని శంకింతురు. ఇద్దఱిలో నెవని మాటను ఏ విషయమున గ్రహింపవలెనో వేఱువేఱుగా తూచి చూడవలెను. చిత్రము ఏ దినమున, ఏ ఊర ప్రదర్శింపబడినదను విషయమున స్థానికపత్రిక మాటయే మేలు. చిత్రము గొప్పదా యను విషయమున అదే పత్రిక మాటను కొంత తగ్గించి గ్రహింపవలెను.

తేదీల విషయమున మన యింటి సంగతియే చూచుకొందము. తెలుగున మొదటి మాటల చిత్రమగు హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని దశాబ్దముల తరబడి గ్రంథములలో అచ్చగుచు వచ్చినది. ఆనాటి పత్రికలను, సెన్సారు పత్రములను పరిశోధించి అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయైనదని రెంటాల జయదేవ నిరూపించెను. కోట్లమంది మాటలాడు భాషలో, పత్రికలు, ప్రకటనలు, సెన్సారు కచ్చేరి ఉన్న కాలమున తీసిన చిత్రమునకే ఈ గతి పట్టినది. ఐనను ఆ చిత్రమునకు విజ్ఞాన సర్వస్వమున వ్యాసము అక్కఱలేదని ఎవ్వరును అనలేదు. దాని ప్రతి నేడు లభింపదు. కళాగుణమును నిర్ణయించుటకు వీలు లేదు. ఐనను స్థానము చెక్కుచెదరలేదు. పెదపాటి జగన్నాథకవి సంధానించిన 'ప్రబంధరత్నాకరము'లోని యుదాహరణములచే మాత్రమే తెలియవచ్చు కవులకు మనము కవుల చరిత్రలలో చోటిచ్చితిమి. గ్రంథము నశించినను ఆ కవి కలడను జ్ఞానమే యొక విలువ. 'గాసా లామాయ్ సింగ్యే'కు ఈ న్యాయమును నిరాకరించుటకు నాకు కారణము కానరాదు.

చిన్న దేశముల నిమిత్తము చేసిన ప్రత్యేక సూత్రమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. దాని యుద్దేశము మంచిది. ఆధారము ఏ భాషలో నున్నను చెల్లుననుట మిక్కిలి మంచిది. జొంగ్ఖా పత్రికలోని నాలుగు పంక్తులకు గూడ విలువ కలిగినది. కాని ఆ సూత్రము రెండు చేతులు చాచి పిలిచి గుమ్మముకడ నిలిపివేయుచున్నది. దేశమునకు ప్రధానమైన నిర్మాణసంస్థ తీసియుండవలెనట. ఆరంభదశలో నున్న చలనచిత్రరంగమున అట్టి సంస్థ యుండునా? ఒక వ్యక్తి పూనుకొని, స్నేహితులను కూర్చుకొని తీయుటయే ఆ దశ యొక్క స్వభావము. స్వదేశమున చక్కగా ప్రదర్శింపబడవలెనట. 'హేమా హేమా' 2016లో లొకార్నో ఉత్సవమున ప్రదర్శితమైనది. స్వదేశమున మాత్రము మతసంబంధమైన ముసుగులను వాడిరను ఆక్షేపణచే దానికి ప్రదర్శనానుమతి లభింపలేదు. లోకమెఱిగిన చిత్రమును సొంత దేశము చూడలేదు. ఈ సూత్రము ప్రకారము అది యనర్హము. నిషేధింపబడుటయే దాని చరిత్రలో ముఖ్యాంశము కాదా?

ఈ ప్రత్యేక సూత్రమును దాక్షిణ్యముగా భావించువారును కలరు. చిన్నదేశము గదా యని జాలిపడి చోటిచ్చుట విజ్ఞాన సర్వస్వమునకు తగదని వారి వాదము. దాక్షిణ్యము తగదనుట నాకును సమ్మతమే. కాని యిది దాక్షిణ్యము కాదు, కొలమానమునకు సంబంధించిన మాట. ఒక వస్తువు యొక్క ప్రాముఖ్యమును అది పుట్టిన క్షేత్రమున కొలువవలెను. లోకచలనచిత్ర చరిత్రలో 'గాసా లామాయ్ సింగ్యే' ఒక పంక్తియైనను కాకపోవచ్చును. భూటాను చలనచిత్ర చరిత్రలో అది మొదటి పంక్తి. భూటానునకు విజ్ఞాన సర్వస్వమున వ్యాసము కలదు, దాని చలనచిత్రములకు వ్యాసము కలదు. ఆ చరిత్రలోని మొదటి యంశమును మాత్రము లోకపు త్రాసులో పెట్టి తూచుట ఏ న్యాయము?

ఏ చిత్రము ఏ దేశమునకు చెందుననుట గూడ తేలికైన ప్రశ్న కాదు. 'ది కప్' దర్శకుడు భూటానువాడు, చిత్రీకరణము జరిగినది మన హిమాచల ప్రదేశమునందలి బీర్‌లో, పాత్రధారులు టిబెటను భిక్షువులు, భాష టిబెటను. ఐనను దానిని ఆస్కార్‌కు పంపినది భూటాను. సమోవా దేశపు కథతో, సమోవా భాషలో, ఆ ద్వీపములలోనే టూసీ టమసేసే తీసిన 'ది ఒరేటర్' (2011) చిత్రమునకు దీనికి విపర్యయముగా జరిగినది. దానిని ఆస్కార్‌కు పంపినది న్యూజీలాండు. దేశముల వారీగా పట్టికలు వేయువారు అట్టి చిత్రమును ఏ గడిలో వ్రాయుదురు? చిత్రమునకు ప్రత్యేక వ్యాసమున్నచో ఈ సంగతిని నాలుగు వాక్యములలో విప్పి చెప్పవచ్చును; పట్టికలో నొక గడి మాత్రమే యున్నచో అబద్ధము వ్రాయక తప్పదు. ప్రత్యేక వ్యాసముల పక్షమున చెప్పదగిన బలమైన వాదములలో నిది యొకటి యని తలంచెదను.

ఇంతవఱకు ప్రస్తావించిన చిత్రములు దేశాంతరములకు పోయినవి, లేక మొదటివి. వీనికి లోపల మఱియొక లోకమున్నది. థింపూలోను ఇతర పట్టణములలోను జనులు డబ్బిచ్చి చూచు జొంగ్ఖా చిత్రములు వేఱు. పాటలు, నృత్యములు, విడిపోయిన ప్రేమికులు, కన్నీళ్లు గల ఈ చిత్రములపై హిందీ చిత్రముల నీడ దట్టముగా పడియున్నది. ఉత్సవములకు అవి పోవు. విదేశ సమీక్షకుడు వానిని చూడడు. చూచినను పెదవి విఱుచును. కాని ఒక దేశపు చలనచిత్రమనగా ఆ దేశపు జనులు చూచునదియా, లేక పరదేశులు మెచ్చునదియా? ఉత్సవచిత్రములకు మాత్రమే చోటిచ్చిన విజ్ఞాన సర్వస్వమును చదివినవానికి భూటానువారు ఏండ్ల కొలది భిక్షువుల చిత్రములను, కొండల చిత్రములను మాత్రమే చూచుచు గూర్చుండిరని తోచును. తెలుగు చిత్రములను గూర్చి యెవడైన అట్లు వ్రాసినచో మనమూరకుందుమా?

అట్లని ఆ జనప్రియ చిత్రముల కన్నిటికిని ఒక్కొక్క వ్యాసము నిండని నేను చెప్పను. పేరు, తేదీ, నటుల పట్టిక తప్ప మఱేమియు లేని వ్యాసము వ్యాసము కాదు, జాబితా నుండి తెగిపడిన ముక్క. ఇట్టి ముక్కలను వందల కొలది పోగుచేసి విజ్ఞానము పెరిగినదనుకొనుట పొరపాటు. మన పరిశోధక విద్యార్థులలో గొందఱికి ఈ యలవాటు కలదు. సిద్ధాంతవ్యాసమునకు అనుబంధముగా నూఱు పేర్ల పట్టికను చేర్చి పరిశోధనము పూర్తియైనదనుకొందురు. పేర్లను చేర్చుట పరిశోధనమునకు ఆరంభము మాత్రమే.

ఇచ్చట మన పూర్వులు నడిచిన రెండు త్రోవలను జ్ఞాపకము చేసికొనుట ఉపయుక్తము. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'ను అకారాదిగా ఆరంభించిరి. 1923లో వారు స్వర్గస్థులగు నాటికి మూడు సంపుటములే వెలువడినవి. తరువాత తెలుగు భాషా సమితి వారు విషయానుక్రమముగా, ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క సంపుటము చొప్పున ప్రచురించిరి. అకారాది గ్రంథమున ప్రతి వస్తువును ఒంటరిగా వచ్చి వాకిట నిలిచి తన యర్హతను నిరూపించుకొనవలెను. విషయానుక్రమ గ్రంథమున ప్రశ్న స్వరూపమే మాఱును. ఈ చిత్రమునకు వ్యాసమీయవలెనా యనుట పోయి, భూటాను చిత్రముల ప్రకరణమున దీనికి ఎన్ని పంక్తులు తగుననుట వచ్చును. నా యెఱిగినంతలో, సామగ్రి తక్కువగా నున్న చిత్రములకు ఇదియే తగిన త్రోవ. జనప్రియ చిత్రములను గూర్చి ఒక దీర్ఘవ్యాసము వ్రాసి, అందు ఇతివృత్తములు, పాటలు, ప్రదర్శనశాలలు, ప్రేక్షకులు అను అంశములను చర్చించి, ముఖ్యములైన చిత్రములను సందర్భానుసారముగా పేర్కొనవలెను. ప్రత్యేకముగా వ్రాయదగినంత సామగ్రి ఏ చిత్రమునకు దొరకినను నాడు దానిని వేఱుచేయవచ్చును. పుటల కొఱత లేని యీ కాలమున దీనికి ఆటంకమేమియు లేదు.

'గాసా లామాయ్ సింగ్యే'కు మాత్రము ప్రత్యేక వ్యాసమును ఇప్పుడే యీయవలెనని నా యభిప్రాయము. అది చిన్నదైనను సరియే. అందు దర్శకుని పేరు, సంవత్సరము, మూలమైన జానపదగాథ, ఆ గాథకు గల యితర రూపములు, 1989 నాటి పత్రికల స్థితి, 2003 నాటి చిత్రమునకు పొరపాటున అంటగట్టిన ప్రాథమ్యము చెప్పవలెను. గాథను గూర్చి జొంగ్ఖాలోను ఆంగ్లమునను వ్రాసినవారి గ్రంథములు చిత్రమును గూర్చినవి కాకపోయినను వ్యాసమునకు పనికివచ్చును. చిత్రమును చూచిన వృద్ధుల జ్ఞాపకములను సేకరించి ప్రచురించువాడు భూటానులోనే పుట్టవలెను. అది విజ్ఞాన సర్వస్వమున చేయదగిన పని కాదు, దానికి ముందు జరుగవలసిన పని.

మఱియొక చిన్న విషయము. గాసా యనునది భూటాను ఉత్తరభాగమునందలి యొక జిల్లా. మొదటి చిత్రము పేరులో గాసా యున్నది. లోకమెఱిగిన చిత్రమునకు పేరిచ్చిన లునానా ఆ జిల్లాలోనిదే. ముప్పదియేండ్ల యెడముతో వెలువడిన ఈ రెండు చిత్రములను, జిల్లాను గూర్చిన వ్యాసమును ఒకదాని నుండి యొకదానికి సూచించుచు ముడివేయవచ్చును. అకారాదిక్రమమున గకారము లకారమునకు ముందు వచ్చును. కావున సంపాదకునకు మొదట ఎదురగునది ఆధారములు తక్కువగా గల చిత్రమే.